తాబేళ్ల కోసం జాగారం: చెన్నై తీరంలో చలికాలపు రాత్రి నడకలు

సంక్రాంతి వెళ్లాక చెన్నై తీరంలో ఒక నడక మొదలవుతుంది. శుక్ర, శనివారాల రాత్రుల్లో బాగా పొద్దుపోయాక నీలాంగరై దగ్గర ఇసుకలో జనం పోగవుతారు. కాలేజీ విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు అందులో ఉంటారు. సముద్ర తాబేళ్ల గురించి కాసేపు మాట్లాడుకున్నాక అందరూ ఉత్తరంగా బెసెంట్ నగర్ వైపు నడక సాగిస్తారు. దూరం సుమారు 7 కిలోమీటర్లు. మామూలుగా నడిస్తే గంటన్నరలో అయిపోయే దారే. కానీ ఆగుతూ, కూర్చుంటూ, తడి ఇసుకను పరికిస్తూ వెళ్లేసరికి దాదాపు తెల్లవారుతుంది. శివరాత్రి జాగారం ఏడాదికి ఒక్కసారే. ఇక్కడి స్వచ్ఛంద కార్యకర్తలకు మాత్రం జనవరి నుంచి మార్చి దాకా, కొన్నేళ్లు ఏప్రిల్‌లో కూడా, ఎప్పుడూ జాగారమే. వారాంతాల్లో జనం వస్తారు, మిగతా రాత్రుల్లో వాళ్లే నడుస్తారు.

దీన్ని నడిపేది స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అనే విద్యార్థుల బృందం. ఇది 1988లో మొదలైంది. చెన్నై తీరంలో తాబేళ్ల కోసం నడవడం మాత్రం అంతకన్నా పాతది. 1970ల మొదట్లో రోములస్ విటేకర్, మద్రాసు స్నేక్ పార్క్‌లోని ఆయన మిత్రులు ఈ ఇసుక మీదే గుడ్లు ఏరి, కాపాడి, పిల్లల్ని సముద్రంలోకి వదిలారు. ఆ బృందంలోంచి వచ్చిన సతీశ్ భాస్కర్ ఆ తర్వాత భారత తీరంలో వేల కిలోమీటర్లు ఒంటరిగా నడిచి తాబేళ్లు ఎక్కడెక్కడ గుడ్లు పెడుతున్నాయో నమోదు చేశారు. 1982లో లక్షద్వీప్‌లోని నిర్జన దీవి సుహేలీలో వానాకాలమంతా ఒక్కరే ఉండిపోయారు. అక్కడి నుంచి భార్యకు రాసిన ఉత్తరాన్ని సీసాలో పెట్టి సముద్రంలోకి విసిరితే అది శ్రీలంక ఒడ్డుకు చేరింది. అక్కడి మత్స్యకారుడొకరు దాన్ని పోస్టు చేశారు, ఉత్తరం ఆమెకు అందింది కూడా. భాస్కర్ 2023లో కన్నుమూశారు. ఆయన జీవితం మీద ‘టర్టిల్ వాకర్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. 1988 నాటి విద్యార్థుల్లో ఒకరైన కార్తీక్ శంకర్ ఇప్పుడు పేరున్న జీవావరణ శాస్త్రవేత్త.

ఇసుకలో వెతికేది ఏమిటి?

వీళ్లు వెతికేది ఆలివ్ రిడ్లే తాబేలును. సముద్ర తాబేళ్లలో ఇది చిన్నది. రెండడుగులకు కాస్త ఎక్కువ పొడవు, 35 నుంచి 50 కిలోల బరువు ఉంటుంది. బతుకంతా నీటిలోనే. గుడ్లు పెట్టడానికి మాత్రం ఆడ తాబేలు ఒడ్డుకు రాక తప్పదు. తడి ఇసుక దాటి, ఆటుపోట్లు అందని చోటు చూసుకుని, వెనక కాళ్లతో కూజా ఆకారంలో గుంత తవ్వుతుంది. లోతు సుమారు మూర. అందులో వంద, నూట ఇరవై గుడ్లు పెడుతుంది. చూడటానికి టేబుల్ టెన్నిస్ బంతుల్లా ఉన్నా పెంకు మెత్తగా ఉంటుంది. తర్వాత ఇసుక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ దాన్ని గట్టిగా అణుస్తుంది. తెలిసినవాళ్లు దీన్ని తాబేలు నాట్యం అంటారు. అంతా కలిపి గంటలోపే. మళ్లీ వెనక్కి తిరిగి చూడదు.

నడిచేవాళ్లలో చాలామందికి తాబేలు కనబడదు. కనబడేది దాని జాడ. ముందు కాళ్లను ఒకటి తర్వాత ఒకటి వేసి పాకుతుంది కాబట్టి ఇసుక మీద చిన్న ట్రాక్టరు టైరు వెళ్లినట్టు గీతలు పడతాయి. ఒడ్డుకు ఎక్కిన జాడ ఒకటి, దిగిన జాడ ఒకటి. రెండూ కలిసే చోట, చెదిరిన ఇసుకలో సన్నటి కడ్డీతో మెల్లగా గుచ్చి చూస్తారు. ఒక చోట కడ్డీ సులువుగా దిగిపోతుంది. అదే గుంత. ఈ పనిలో చెయ్యి తిరగాలంటే ఒకటి రెండు సీజన్లు పడుతుంది. అనుభవం లేని చెయ్యి అయితే గుడ్లే పగులుతాయి.

గుడ్లను అక్కడే వదిలేయకుండా తరలించడానికి కారణాలున్నాయి. కుక్కలు తవ్వేస్తాయి. మనుషుల తాకిడి ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద సమస్య వెలుతురు. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల చీకట్లో ఎటు వెలుగు ఎక్కువుంటే అటు పాకుతుంది. నగరాలు లేని రోజుల్లో ఆ వెలుగు సముద్రం మీద నుంచే వచ్చేది. ఇప్పుడు వీధి దీపాలు, హోటళ్ల లైట్లు ఒడ్డు వైపు పిలుస్తాయి. రోడ్డెక్కిన పిల్ల బతకదు. అందుకే గుడ్లను బెసెంట్ నగర్ ఇసుకలో దడి కట్టిన హ్యాచరీకి తెచ్చి, అదే లోతున, అదే ఆకారంలో గుంత తీసి పెడతారు. ఈ పని పెట్టిన కొద్ది గంటల్లోనే అయిపోవాలి. తర్వాత లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది. అప్పుడు గుడ్డును తిప్పితే చచ్చిపోతుంది. సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. అవి ఆడవో మగవో తేల్చేది ఇసుక వేడి. వేడి ఎక్కువైతే దాదాపు అన్నీ ఆడవే పుడతాయి. సీజన్ చివర ఎండలు ముదిరితే హ్యాచరీ మీద నీడ వేసేది ఇందుకే.

చచ్చినవాటి లెక్క

నడకలో మరో పని కూడా ఉంది. దాని గురించి ఎవరూ ఉత్సాహంగా చెప్పరు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ల శవాలను లెక్కపెట్టడం, కొలతలు రాసుకోవడం, మళ్లీ లెక్కలోకి రాకుండా గుర్తు పెట్టడం. 2025 జనవరిలో ఈ పనే ముందుకొచ్చింది. ఆ నెలలో చెన్నై, పరిసర తీరాల్లో వెయ్యికి పైగా తాబేళ్లు చచ్చి ఒడ్డుకు చేరాయి. ఎన్నో ఏళ్లుగా ఇంత పెద్ద సంఖ్య లేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. అదే నెల కాకినాడ తీరంలోనూ కళేబరాలు కనిపించడంతో ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రిగా ఉన్న పవన్ కల్యాణ్ విచారణకు ఆదేశించారు. సముద్రంలో చచ్చినవన్నీ ఒడ్డుకు రావు. కెరటం తెచ్చిపెట్టేది అసలు సంఖ్యలో కొంత భాగమే.

ఉబ్బిన కళ్లు, నీరు చేరిన ఊపిరితిత్తులు చూసి పశువైద్యులు చెప్పిన కారణం ఊపిరాడకపోవడం. సముద్రంలో ఉండే జీవికి నీటిలో ఊపిరాడకపోవడం ఏమిటనిపించవచ్చు. తాబేలుకు మనలాగే ఊపిరితిత్తులు ఉన్నాయి. కాసేపటికోసారి పైకొచ్చి గాలి పీల్చాలి. ట్రాలర్ వల నీటి అడుగున గంటల తరబడి సాగుతుంది. అందులో చిక్కిన తాబేలు పైకి రాలేక మునిగి చస్తుంది. జతకట్టడానికీ గుడ్లు పెట్టడానికీ తాబేళ్లు తీరానికి దగ్గరగా గుమిగూడేది జనవరి, ఫిబ్రవరిల్లోనే. రొయ్యల కోసం ట్రాలర్లు తీరానికి దగ్గరగా వచ్చేదీ ఆ జలాల్లోకే.

ఇక్కడే లెక్క తప్పుతోంది. ఆడ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పది పదిహేనేళ్లు పడుతుందని అంచనా. వెయ్యి పిల్లల్లో ఆ వయసు చూసేది ఒక్కటేనని సాధారణంగా చెబుతారు. ఆ లెక్కన వలలో చచ్చిన ఒక్క తల్లికి బదులు దొరకాలంటే పది గుంతల గుడ్లు కాపాడాలి, అది కూడా పదేళ్ల తర్వాతి మాట. రాత్రంతా నడిచి ఐదు గుంతలు కాపాడిన బృందం తెల్లవారుజామున పది శవాలను చూస్తే, ఆ రాత్రి నష్టమే మిగిలినట్టు. ఈ నడకల్ని పాతికేళ్లుగా నడుపుతున్నవాళ్లకు ఇది తెలియక కాదు. గుడ్లు ఏరడమే సంరక్షణ అని నమ్మడం మాత్రం పొరపాటు అవుతుంది.

నిషేధం ఉంది, నెలలే వేరు

తూర్పు తీరంలో ఏటా వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపల సంతానోత్పత్తిని దృష్టిలో పెట్టుకుని పెట్టింది. అప్పటికి ఎక్కువ తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి. తమిళనాడులో తాబేళ్ల సీజన్‌లో తీరానికి 5 నాటికల్ మైళ్ల లోపల ట్రాలింగ్ చేయకూడదన్న నిబంధన ఉంది. దాన్ని రాత్రిపూట సముద్రం మీద అమలు చేసే పడవలు, మనుషులు సరిపడా లేకపోవడమే సమస్య.

ఒడిశా మరో దారి పట్టింది. ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర 20 కిలోమీటర్ల వరకు నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట బంద్. తాబేళ్లు వేలల్లో, లక్షల్లో ఒకేసారి ఒడ్డుకెక్కే తీరాలు అవి. 2025 ఫిబ్రవరిలో రుషికుల్యలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అయితే ఏడు నెలల నిషేధం భారం ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. గంజాం తీరంలోని మత్స్యకారుల్లో చాలామంది నోలియాలు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. రుషికుల్య ముఖద్వారం దగ్గరి పొడంపేట లాంటి ఊళ్లకు ఒకవైపు సముద్రం నేలను కోసేస్తోంది, మరోవైపు వేట నెలలు తగ్గిపోయాయి. ప్రభుత్వం ఇచ్చే భృతి ఆ నష్టానికి సరితూగదని వాళ్ల వాదన. తాబేళ్లను చూసుకునే కాపలాదారులు వచ్చిందీ ఈ ఊళ్ల నుంచే.

వలకు చిన్న మార్పు చేస్తే చాలావరకు పని జరుగుతుంది. వల గొంతులో వాలుగా కడ్డీల చట్రం, దాని పైన తెరిచి ఉండే ద్వారం అమరుస్తారు. రొయ్య కడ్డీల మధ్య నుంచి లోపలికి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి బయటపడుతుంది. దీన్నే టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్ అంటారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయేలా ఒకటి తయారుచేసింది. పెద్ద చేపలూ తప్పించుకుపోతాయని బోటు యజమానులు ఒప్పుకోరు. ఈ పరికరం లేకుండా పట్టిన రొయ్యల్ని అమెరికా కొనదు. దాని మీద భారత్, పాకిస్తాన్, మలేసియా, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లగా 1998లో తీర్పు వచ్చింది. అమెరికా చట్టాన్ని అమలుచేసిన పద్ధతిని తప్పుపట్టినా, తాబేళ్ల రక్షణ అనే ఉద్దేశాన్ని ఆ తీర్పు తప్పుపట్టలేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లేది ప్రధానంగా చెరువుల్లో పెంచిన వనామీ కాబట్టి మన ఎగుమతిదారులకు ఈ నిషేధం తగల్లేదు. బహుశా అందుకే ఇక్కడ ఆ చర్చ అంతగా జరగలేదు.

వెళ్లాలనుకుంటే

ఇలాంటి కార్యక్రమాలు చెన్నైకే పరిమితం కాదు. విశాఖ తీరంలో, బాపట్ల సూర్యలంకలో అటవీ శాఖ హ్యాచరీలున్నాయి. చెన్నైలో 2002లో పుట్టిన ట్రీ ఫౌండేషన్ మత్స్యకార యువకులకు శిక్షణ ఇచ్చి తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో కాపలా పెడుతోంది. పడమటి తీరాన రత్నగిరి జిల్లా వేళాస్‌లో ఊరే ఉత్సవం చేస్తుంది. పిల్లలు బయటికొచ్చే రోజుల్లో సందర్శకులు గ్రామస్తుల ఇళ్లలోనే బస చేస్తారు. తాబేలు బతికితే ఊరికి నాలుగు డబ్బులు వస్తాయన్నది అక్కడ కంటికి కనబడే విషయం. శ్రీలంకలోని కొస్గొడ హ్యాచరీలు పర్యాటకానికి పేరుపడ్డాయి. కానీ అక్కడ కొన్నిచోట్ల పిల్లల్ని రోజుల తరబడి తొట్లలో ఉంచి చూపిస్తారు. గుడ్డు నుంచి వచ్చిన తొలి గంటల్లో సముద్రంలోకి దూరంగా ఈదుకుపోవడానికి పిల్లకు ఒక ఊపు ఉంటుంది. ఆ ఊపు తొట్టిలోనే అయిపోతుందని శాస్త్రవేత్తల అభ్యంతరం.

నడకకు వెళ్లేవాళ్లకు నియమాలు ఎక్కువేమీ లేవు. టార్చి వేయకూడదు, ఫ్లాష్‌తో ఫోటో తీయకూడదు. తాబేలు కనిపిస్తే దానికి ఎదురుగా వెళ్లకుండా వెనకవైపు కూర్చోవాలి. గుంత తవ్వుతుండగా బెదిరితే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. పిల్లల్ని చేత్తో ఎత్తి నీళ్లలో వేయకూడదు, ఇసుక మీద వాటంతట అవే పాకాలి. ఆ కాస్త దూరంలోనే తమ తీరాన్ని గుర్తుపెట్టుకుంటాయని భావిస్తారు. ఫోటో కోసం అరచేతిలో పెట్టుకునే అలవాటు ప్రముఖులకే ఎక్కువ. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోని జీవి, తాకే హక్కు అనుమతి ఉన్నవాళ్లకే.

మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో హ్యాచరీ దగ్గర జనం ఎక్కువవుతారు. తాడు కట్టి, దారి వదిలి, బొటనవేలంత నల్లటి పిల్లల్ని నీటి వైపు వదులుతారు. గుంత ఖాళీ అయ్యాక కార్యకర్తలు దాన్ని తవ్వి, పొదగని గుడ్లు ఎన్నో లెక్కవేసి పుస్తకంలో రాస్తారు. చివరి గుంతల లెక్క ముగిసే రోజులకు ట్రాలర్లు కాశిమేడు రేవులో లంగరు వేసి ఉంటాయి.