ఫ్లోరా ఆంధ్రికాయు దక్షిణ తెలంగాణపు పూలును

వాల్టరు ఎలియటు దొర 1859లో చెన్నపట్టణమున ప్రకటించిన 'ఫ్లోరా ఆంధ్రికా' తెలుగు చెట్లపేళ్లను శాస్త్రనామములతో జతపఱచిన గ్రంథము. పూర్వకావ్యములలోని పూలకు ఆనవాళ్లు వెదకువారి కది నేటికిని పనికివచ్చును. 1845లో అమరావతి శిల్పములను త్రవ్వించినవాడును, దక్షిణదేశపు నాణెములను శాసనములను ప్రోగుచేసినవాడును నితడే. అట్టి పరిశోధకుడు ఆంధ్రమను పేరు పెట్టిన పుస్తకమును నల్లగొండ పాలమూరు సీమల చదువరి ఆశతో విప్పును, నిరాశతో మూయును.

కారణము ముఖపత్రముననే యున్నది. ఉత్తరసర్కారుల తెలుగు జిల్లాలలో సాధారణముగా కనబడు మొక్కల పట్టిక యని గ్రంథకర్తయే చెప్పుకొనెను. అనగా అరుదైన పూల కిందు చోటులేదు. నిజాము రాజ్యములోని మెట్టసీమకు మొదలే లేదు. ఎలియటు 1845 మొదలు 1854 వఱకు సర్కారులకు కమీషనరు. తన యధికారము చెల్లిన నేలలోని పేళ్లను కూర్చెను. అందు దోషము లేదు. పేరు మాత్రము పుస్తకముకంటె పెద్దదయ్యెను.

ఇతరులును ఈ పొలిమేరను దాటినవారు కారు. అంతకుముందు సామర్లకోటలో నుండిన కంపెనీ వైద్యుడు రాక్సుబరో 1795 నుండి మూడు సంపుటములలో, 300 చిత్రములతో వర్ణించినది కోరమాండలు తీరపు మొక్కలను. 1915లో గాంబిల్ ఆరంభింపగా, 1925లో ఆతని మరణానంతరము ఫిషరు పూర్తిచేసిన మహాగ్రంథము చెన్నరాజధానికే పరిమితము. నల్లమల కృష్ణ కిరుగట్టుల వ్యాపించిన యొకే యడవి. కర్నూలువైపు గట్టులు గ్రంథమున కెక్కెను; ఏటికావలి అమ్రాబాదు పీఠభూమి వెలియయ్యెను. ఏఱు దాటినంతనే పూవు పూవు గాకపోయెనా! 1911లో పార్ట్రిడ్జి నిజాము రాజ్యపు అడవుల చెట్లనుగూర్చి వ్రాసి యీ లోటును కొంత తీర్చెను.

అమ్రాబాదు పూలనుగూర్చి తెలియగోరువాడు వృక్షశాస్త్రమును విడిచి మానవశాస్త్రమును చూడవలసివచ్చుట వింత. హైమెండార్ఫ్ 1940లో అచ్చటి చెంచులనడుమ నుండి, 1943లో వారినిగూర్చిన గ్రంథమును వెలువరించెను. చెంచులు ఇప్పపూల నేఱుదురు. అది కాగితములనడుమ అదిమి పెట్టెలో దాచుటకు గాదు. ఎండబెట్టి తినుటకును, సారా కాచుటకును. మైదానపు పల్లెలలో బతుకమ్మకై తంగేడును గునుగును కోసితెచ్చువారికిని ఏ పూవు ఏ చెలకలో పూచునో నోటికి వచ్చును. దొరల పుస్తకములలో ఈ యేఱుటకు సేకరణమను గౌరవము దక్కలేదు.

1997లో పుల్లయ్య ప్రభృతుల ఆంధ్రప్రదేశ వృక్షగ్రంథ సంపుటములలో తెలంగాణ జిల్లాలును చేరెను. అప్పటికే కృష్ణయొడ్డు మాఱిపోయినది. నల్లగొండ వైపు ఒడ్డుననున్న ఏలేశ్వరమును నాగార్జునసాగరమున మునుగకముందే పురావస్తుశాఖవారు త్రవ్వి, కనబడిన కట్టడములను వర్ణించి అచ్చువేసిరి. ఆ యొడ్డున పూచినవానిని పేరుపెట్టి పిలిచినవారు మూటముల్లెలతో మిట్టల కెక్కిరి.