కిడ్నీ రోగులు తాగే ఓఆర్ఎస్, కొబ్బరి నీళ్లలో ఖనిజ లవణాలు

విరేచనాలు, వాంతులు, వడదెబ్బ వల్ల ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను భర్తీ చేయడానికి తాగేవి పునర్జలీకరణ పానీయాలు. ఓఆర్ఎస్‌తో పాటు కొబ్బరి నీళ్లు, ఉప్పు మజ్జిగ, క్రీడాకారుల పానీయాలను కూడా జనం ఈ కోవలోనే వాడతారు. వీటిలో అదనంగా ఉన్న సోడియం, పొటాషియాలను ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు మూత్రంలో పంపేస్తాయి. వాటి పనితీరు బాగా పడిపోయినవారిలో అవి రక్తంలోనే పేరుకుంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఓఆర్ఎస్ లీటరులో ఉప్పు 2.6 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రా., ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రా., గ్లూకోజ్ 13.5 గ్రా. ఉంటాయి. లెక్క కడితే సోడియం సుమారు 1,725 మి.గ్రా., పొటాషియం 780 మి.గ్రా. కిడ్నీ రోగులకు రోజు మొత్తానికి చెప్పే సోడియం హద్దే 2,000 మి.గ్రా. కాబట్టి ఎండాకాలం కదా అని ఊరికే తాగేందుకు ఇది మంచినీళ్లు కాదు, మందు. ఇందులోని సిట్రేట్ శరీరంలో బైకార్బనేట్‌గా మారి, రక్తంలో పెరిగిన ఆమ్లాన్ని కొంత తగ్గిస్తుంది.

అసలు చిక్కు కొబ్బరి నీళ్లతోనే. కాయ రకాన్ని, ముదురును బట్టి మారినా, 100 మి.లీ.లో పొటాషియం 250 మి.గ్రా. దాకా ఉండవచ్చు. అంటే ఒక్క బొండంలో లీటరు ఓఆర్ఎస్‌లో ఉన్నంత. సోడియం మాత్రం ఓఆర్ఎస్ కన్నా బాగా తక్కువ. విరేచనాల్లో పోయిన ఉప్పును ఇది పూడ్చలేదు, పైగా రోగి మోయలేనంత పొటాషియాన్ని తెచ్చిపెడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి తోటలకూ, కారణం ఇదమిత్థమని తేలని కిడ్నీ జబ్బుకూ పేరుపడ్డ ప్రాంతం. కొబ్బరి నీళ్లు ఆ జబ్బుకు కారణమని కాదు గానీ, జబ్బు ముదిరినవారికి పెరట్లోని బొండం కూడా పథ్యం లెక్కలోకి వస్తుంది.

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోళ్ల మధ్య ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పవచ్చు, ముందుగా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడేవారిలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

అలాగని విరేచనాలు పట్టుకున్న రోగికి ఓఆర్ఎస్ ఆపేయడం తప్పు. నీరు తగ్గితే మిగిలిన కాస్త కిడ్నీ శక్తీ దెబ్బతింటుంది; విరేచనాల్లో పొటాషియం కూడా పోతుంది. ఎంత పోతోందో చూసుకుంటూ, డాక్టరు చెప్పిన మోతాదులో కొద్దికొద్దిగా పట్టాలి. డయాలిసిస్ మీద ఉండి మూత్రం దాదాపు రానివారికి నీటి కొలత కూడా బిగువే.

క్రీడాకారుల పానీయాల్లో పొటాషియం తక్కువే అయినా సోడియం చాలదు, చక్కెర ఎక్కువ. సూత్రానికి సరిపడని పానీయాలపై ‘ఓఆర్ఎస్’ అన్న పేరు వాడరాదని 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది.

లీటరు ప్యాకెట్‌ను 200 మి.లీ. గ్లాసులో కలిపితే గాఢత ఐదు రెట్లవుతుంది. ఇంట్లో ఉప్పు, పంచదారతో కలుపుకునేవారు ‘తక్కువ సోడియం ఉప్పు’ వాడకూడదు. అందులో తగ్గించిన సోడియం బదులు కలిపేది సాధారణంగా పొటాషియం క్లోరైడే.