సందేహం ఎక్కడ ఆగింది?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఈనాడు కుర్చీలు నింపేవారిలో కథలూ నవలలూ చదివేవారు తక్కువ. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ గదులు అద్దెకు తీసుకుని, గ్రూప్స్ ఉద్యోగాల కోసం ఏళ్ళతరబడి చదువుతున్న నిరుద్యోగులే ఎక్కువ. వారు కంఠతా పట్టే అంశాల్లో రాజ్యాంగం 51-ఎ(హెచ్) ఒకటి. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుని విధి అని అది చెబుతుంది. 1976లో 42వ సవరణతో వచ్చింది. ఎమర్జెన్సీలో, పౌరహక్కులు అటకెక్కిన రోజుల్లో ఈ విధి పుట్టిందన్న సంగతి మాత్రం నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో ఇమడదు.

సైన్సు మీద, పరమసత్యం మీద సందేహం మన కాల్పనిక సాహిత్యంలోకి 1990లలో పోస్ట్‌మోడర్నిజం పేరుతో దిగుమతి అయిందని విమర్శకులం తరచు రాస్తుంటాం. అది సగమే నిజం. అంతకు పదేళ్ళ ముందే ఆ సందేహం ఒక వారపత్రిక సీరియల్ రూపంలో ఇంటింటికీ చేరింది. దాన్ని మనం గుర్తుపట్టలేదు.

1981 జూలైలో బొంబాయి నెహ్రూ సెంటర్ తరఫున శాస్త్రీయ దృక్పథంపై ఒక ప్రకటన వెలువడింది. పి.ఎన్. హక్సర్, రాజా రామన్న, పి.ఎం. భార్గవ దాని వెనుక ఉన్న ముఖ్యులు. భార్గవ మన హైదరాబాదులోనే సి.సి.ఎం.బి.ని నిర్మిస్తున్న శాస్త్రవేత్త. దేశంలో హేతుబుద్ధి తరిగిపోతున్నదని ఆ ప్రకటన ఆందోళన. ఆ ఏళ్ళలోనే ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' తెలుగు మధ్యతరగతిని ఊపివేసింది. నేనా నవలను చాలా ఏళ్ళ తర్వాత, నారాయణగూడ సందులో ఒక అద్దెపుస్తకాల షాపునుంచి తెచ్చుకుని చదివాను. అట్ట ఊడి, కుట్టు వదిలి, మళ్ళీ బైండు చేసిన ప్రతి. ఆ రాత్రి లైటు ఆర్పడానికి భయపడ్డానన్నది దాచుకోవలసిన సంగతేమీ కాదు.

కథ చాలామందికి తెలిసిందే. తులసి అనే పసిపిల్ల పేర పెద్ద మొత్తం రాబోతున్నది. పిల్ల లేకపోతే ఆ డబ్బు చేరేది వేరేవారికి. వారు చేతబడికి పూనుకుంటారు. పిల్ల కారణం తెలియని బాధతో కృశించిపోతుంటుంది. ఒకవైపు వైద్యులు, మనోవిజ్ఞానం, హిప్నాటిజం. మరొకవైపు కాష్మోరా, మంత్రగాళ్ళు. రెండు ప్రయత్నాలూ పక్కపక్కనే సాగుతాయి. పిల్లను బతికించింది ఏది? రచయిత తీర్పు చెప్పడు. నచ్చినది నమ్ముకోమని పాఠకుడికే వదిలేస్తాడు. సత్యం ఒకటి కాదు, చదివేవాడిని బట్టి ఉంటుంది అన్న సూత్రం తర్వాత సిద్ధాంత గ్రంథాల్లో మనకు ఎంతో కొత్తగా కనిపించింది. అద్దెపుస్తకాల షాపులో అది అప్పటికే నలిగిపోయిన సరుకు.

రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని నేరుగా ఢీకొన్నారు. ఆ వివాదం పరువునష్టం కేసుదాకా పోయింది. మిగిలిన మనం 'క్షుద్ర సాహిత్యం' అని ముద్ర వేసి, అశాస్త్రీయమని తేల్చి, చేతులు దులుపుకున్నాం. అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉండిపోయింది. ఈ నవలలో సందేహం ఎక్కడ ఆగింది? వైద్యుడి మాట మీద సందేహం ఉంది, మందు మీద ఉంది, కంటికి కనిపించేదాని మీద కూడా ఉంది. డబ్బు మీద లేదు. పిల్ల బతికితే ఎవరికి, చనిపోతే ఎవరికి అన్న విషయంలో వెంట్రుకవాసి అస్పష్టత లేదు. చేతబడి ఉన్నదో లేదో తేలదు గాని ఆస్తి మాత్రం తిరుగులేని వాస్తవం! సైన్సును బోనులో నిలబెట్టి ఆస్తిని సాక్షిగా కూడా పిలవని ఈ వైఖరిని సందేహం అనలేం. ఏ గిరాకీనీ పోగొట్టుకోదలచని దుకాణదారు తటస్థత ఇది.

అంతకు ముందుతరంలో విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ'లో గుర్రపుముఖం గంధర్వుణ్ణి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడవేసి, ఇంగ్లీషువారి శాస్త్రజ్ఞానాన్ని నిలువునా వెక్కిరించాడు. పాలకుడి శాస్త్రమే లోకానికంతటికీ కొలబద్ద ఎందుకు కావాలన్న ప్రశ్నలో బలముంది. ఆయన భావజాలం మనకు గిట్టదు గనక ఆ బలాన్ని చూడనట్టు నటించాం. ఆయన సందేహమూ ఒక గడప దాటదు. అది వర్ణధర్మం గడప.

మరి మనది? 1981లోనే ఆశిష్ నందీ నెహ్రూ సెంటర్ ప్రకటనకు ప్రతిప్రకటన రాశాడు. సైన్సే ఒక అధికారమై కూర్చున్నదని, సామాన్యుల జ్ఞానాన్ని అజ్ఞానంగా కొట్టివేస్తున్నదని ఆయన వాదం సారాంశం. ఫ్రాన్సులో లియోటార్ మహాకథనాల మీద అవిశ్వాసం ప్రకటించిన పుస్తకం 1979 నాటిది. ఇటువంటి మాటల్ని అభివృద్ధి నిరోధకమని తోసిపుచ్చడం తేలికే. 1984 డిసెంబరులో భోపాల్ తర్వాత అంత తేలిక కాలేదు. అంతకన్న ఇబ్బందికరమైన ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది. విత్తనాల శాస్త్రవేత్త వావిలోవ్ 1943లో సోవియట్ జైల్లోనే చనిపోయాడు. 1948లో లైసెంకో జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని వెలివేయించాడు. సోవియట్ సైన్సు పుస్తకాలు కారుచౌకగా కొనుక్కుని చదివిన మన ముందుతరానికి ఈ సంగతి చెప్పినవారు తక్కువ. మన సందేహం ఆగిన గడప అది. అయితే నందీ వాదానికి అందని విషయం కూడా ఇక్కడే ఉంది. 1965లో లైసెంకో జన్యుశాస్త్ర సంస్థ పదవి పోగొట్టుకున్నాడంటే, దాని వెనుక రాజకీయం ఎంత ఉన్నా, అతని లెక్కల్ని తోటి శాస్త్రవేత్తలు పొలాల్లో సరిచూసి తప్పని తేల్చడమూ ఉంది.

ఈ గడపల్ని దాటిన తెలుగు కథకుడు నాకు తెలిసి వి. చంద్రశేఖరరావు. 2017లో కన్నుమూశారు, అదే ఏడాది భార్గవ కూడా. 'లెనిన్ ప్లేస్', 'జీవని' కథల్లో, 'ఆకుపచ్చని దేశం' నవలలో కలా నిజమూ విడదీయరాకుండా అల్లుకుని ఉంటాయి. అర్థం కాలేదని మనలో చాలామంది విసుక్కున్నారు. నేనూ మొదట విసుక్కున్నాను. ఆయన సందేహం అభివృద్ధిని వదలదు, ఆస్తిని వదలదు, ఉద్యమాన్ని వదలదు. కాని దళితుడి మీద పడిన దెబ్బ, అడవినుంచి తరిమివేయబడ్డ ఆదివాసి ఆకలి పడ్డాయో లేదో తేల్చుకోమని ఆయన పాఠకుడికి ఎన్నడూ వదిలేయలేదు. మాయ అంతా ఆ గాయం చుట్టూనే తిరుగుతుంది. 'తులసిదళం'లో మాయ తీసేస్తే మిగిలేది కొంత డబ్బు.

తెలంగాణ పల్లెల్లో చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. అటువంటి వార్త ఒకటి చేతిలో పట్టుకుని మొన్న గ్రంథాలయం మెట్లమీద కూర్చుని ఉండగా, ఒక పరీక్ష అభ్యర్థి వచ్చి పలకరించాడు. ప్రాథమిక కీలో ఒక జవాబు తప్పు ఇచ్చారట. అభ్యంతరం పెట్టాలంటే ఆధారంగా పుస్తకం పేజీ చూపాలట. "సార్, తెలుగు అకాడమీ పాత ఎడిషన్ ఎక్కడ ఉంటుంది?" అని అడిగాడు. ఇద్దరం లోపలికి వెళ్ళాం. పేజీ దొరికేసరికి హాల్లో లైట్లు వేశారు.