ఔషధ శాసనములలో ‘విషము’ : ఒక పదచరిత్ర

తెలుగున ‘మందు’ అను మాటకు గల వ్యాప్తి మిక్కిలి పెద్దది. రోగి మ్రింగునది మందు, తుపాకిలో కూరునది మందు, ఎలుకలను చంపునదియు మందే, అహిఫేనము నల్లమందు. ఒకనికి ‘మందు పెట్టినారు’ అన్నచో అది వైద్యము కాదని పల్లెలో పసివారికిని తెలియును. ఒకే ద్రవ్యము మోతాదును బట్టి, ఇచ్చువాని చేతిని బట్టి ఔషధమో విషమో యగునను ఎరుక ఈ మాటలో నిమిడియున్నది. శాసనకర్తకు మాత్రము ఇట్టి మాట చాలదు. దేనిని ఎవరు ఎవరికి అమ్మవచ్చునో అతడు గీత గీయవలెను. భారతదేశమున ఆ గీత ఎట్లేర్పడెనో, దానిని తెలుపు మాటలెట్లు మారెనో ఇచట పరిశీలింపదలచితిమి.

దీని మూలము ఇంగ్లండులో నున్నది. 1851లో నచట పాషాణవిక్రయమును గూర్చి చట్టము పుట్టెను. అమ్మువాడు కొనువాని పేరును, కొను కారణమును పుస్తకమున వ్రాసికొనవలెను. తెల్లపాషాణము పిండియని భ్రమపడకుండ దానిలో మసియో నీలిమందో కలుపవలెను. (ఇచటను మన ‘మందు’ తల యెత్తినది!) 1868 నాటి చట్టము విషముల పట్టికను ‘షెడ్యూలు’గా జతపరచెను. ఈ రెండు సాధనములే, పుస్తకమును పట్టికయు, పిదప మన దేశమునకు వచ్చినవి.

ఇచట 1919లో విషముల చట్టమును, 1930లో అపాయకరమైన మాదకద్రవ్యముల చట్టమును వెలసినవి. కల్తీ మందులను అరికట్టు ప్రత్యేక శాసనము మాత్రము లేదు. 1930లో కర్నల్ చోప్రా అధ్యక్షతన నియమింపబడిన సంఘము మరుసటి యేడే నివేదిక నిచ్చినను, ఔషధముల చట్టము 1940 వరకు రాలేదు; దాని నియమములు 1945లో వెలువడినవి. విషమును గూర్చిన భయము మందు నాణ్యమును గూర్చిన శ్రద్ధకంటె ఎంత ముందు నడచినదో ఈ కాలక్రమమే చెప్పుచున్నది.

1945 నాటి నియమములలో ‘ఇ’ షెడ్యూలు విషముల పట్టిక. అది తరువాత తొలగింపబడినది. ‘హెచ్’ షెడ్యూలు నిలిచినది. అందలి మందును వైద్యుని చీటి లేక చిల్లరగా అమ్మరాదు. 1982లో చేరిన ‘ఎక్స్’ షెడ్యూలు మందులకు చీటి రెండు ప్రతులుండవలెను. ఒకదానిని అంగడివాడు రెండేండ్లు దాచవలెను. అనగా వర్గీకరణకు ఆధారము ద్రవ్యస్వభావము నుండి వైద్యుని సంతకమునకు మారినది. 2013లో ప్రకటింపబడి 2014 మార్చి నుండి అమలైన ‘హెచ్-1’ 46 మందులతో మొదలైనది. వానిలో పెక్కు సూక్ష్మజీవినాశకములు, క్షయ మందులు. వీనిని అమ్మువాడు రోగి పేరును, వైద్యుని పేరును, పరిమాణమును ప్రత్యేక పుస్తకమున వ్రాసి మూడేండ్లు ఉంచవలెను. పాషాణము నాటి పుస్తకమే మరల తెరువబడినదని మా అభిప్రాయము.

‘విషము’ అను మాట పూర్తిగా పోలేదు. 1940 నాటి చట్టము ఆయుర్వేద, యునానీ మందులను వదలివేసెను; 1964 సవరణ వానిని లోనికి తెచ్చెను. వానిలోని విషద్రవ్యములకే నేడు ‘ఇ-1’ పట్టిక గలదు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు, గురివింద, ముష్టి, నేపాళము, పాదరసము, మైలుతుత్తము మున్నగునవి అందు గలవు. ఇవి తెలుగు రైతుకు చేనిగట్టునను వైద్యుని యింటను చిరపరిచితములు. అట్టి ద్రవ్యములు గల మందుపై వైద్యుని పర్యవేక్షణముననే సేవింపవలెనను హెచ్చరికను ఆంగ్లహిందీ భాషలలో ముద్రింపవలెనని నియమము. పేర్లు మనవి, హెచ్చరిక మనది కాదు!

తెలుగు చేయుటయు సులభము కాదు. ‘షెడ్యూలు’నకు ‘అనుసూచి’ అని వ్రాయుదురు. కొనువానికి రెండును ఒకటే చీకటి. ప్రిస్క్రిప్షనుకు అంగడిలో పుట్టిన ‘చీటి’ ఏ నిర్మితపదమునకును తీసిపోదు. అసలు చిక్కు వేఱు. ‘హెచ్’ హెచ్చరిక అమ్మువానితో మాటలాడును. ‘జి’ షెడ్యూలు హెచ్చరిక, వైద్యుని పర్యవేక్షణము లేక సేవించుట అపాయమని మ్రింగువానితో మాటలాడును. ‘హెచ్-1’ ఇద్దరితోను మాటలాడును. ఆంగ్లమున ఈ భేదము పైకి తోపదు. తెలుగున ‘అమ్మరాదు’ అని వ్రాయవలెనా, ‘మ్రింగరాదు’ అని వ్రాయవలెనా యని అనువాదకుడు కలమును చేతబట్టిన మరుక్షణమే తేల్చుకొనవలసివచ్చును.