నీ తమ్ముడెక్కడ?

శతాబ్ది సంచిక యనగానే మిషనెరీ దొరల రాక, మొదటి బాప్తిస్మములు, ఆలయముల శంకుస్థాపనలు మన మనస్సునకు వచ్చును. బౌడెను, బీరు దొరలు గోదావరి తీరమునకు వచ్చిన సంగతియు, కాటన్ దొర ఆనకట్ట తరువాత మన లంకభూములు పచ్చబడిన సంగతియు ఇతర సోదరులు వ్రాయుదురు. ఇట్టి సంచికలో అసూయను గూర్చి, హత్యను గూర్చి వ్రాయుట ఏల అని మమ్మును ఒక పెద్దగారు అడిగిరి. మా జవాబు ఇదియే. బైబిలులో దేవునికి అర్పణ తెచ్చిన మొదటి కథయే హత్యతో ముగియుచున్నది. అన్నదమ్ములిద్దరు ఆరాధనకు వచ్చిరి. ఒకడు తిరిగి ఇల్లు చేరలేదు.

ఆదికాండము నాలుగవ అధ్యాయమును నిదానముగా చదివినచో ఒక సంగతి కనబడును. హేబెలు కయీనునకు చేసిన అపకారము ఏదియు అక్కడ లేదు. అతని పొలము గట్టు జరుపలేదు, పంట మేపలేదు. దేవుడు హేబెలు అర్పణను లక్ష్యపెట్టెను, అంతే. తమ్మునికి కలిగిన ఆ గౌరవము అన్నకు భరింపరానిదాయెను. దురాశ వేరు, అసూయ వేరు. దురాశ పొరుగువానికి ఉన్నది తనకు కావలెననును. అసూయకు అది తనకు రాకపోయినను ఫరవాలేదు, పొరుగువానికి ఉండకూడదు. మన పల్లెలలో దీనిని కడుపుమంట అందురు, కళ్లలో నిప్పులు పోసుకొన్నారందురు. యోసేపు అంగీ అన్నల కళ్లలో పడినది ఇట్లే. దావీదును గూర్చి స్త్రీలు పాడిన పాట సౌలు చేతికి ఈటె నిచ్చినది ఇట్లే. మన ప్రభువును అప్పగించిన వారు అసూయచేతనే అప్పగించిరని అన్యుడైన పిలాతునకు సయితము తెలిసెనని మత్తయి వ్రాసెను.

ఇది యూదయ దేశపు పాతకథ మాత్రమే కాదు. 1991 ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. కొందరి శవములను గోనెసంచులలో కుక్కి తుంగభద్ర డ్రెయినులో పడవేసిరి. పోలీసులు ఊరిలో ఉండగనే ఇది జరిగెను. మేము అప్పటికి పది పన్నెండేండ్ల బాలురము. మా తండ్రిగారు పేపరు చదివి, దానిని మడిచి దిండు క్రింద పెట్టి, ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మాట పెగలక ఊరకుండిరి. ఆ మౌనము మాకు ఇప్పటికిని జ్ఞాపకము.

తగాదా దేనితో మొదలైనదని అడిగిన, అంతకు నెల ముందు సినిమా హాలులో ఒక దళిత యువకుని కాలు పై కులపు యువకునికి తగిలినదట. కాలు తగిలినందుకు ఎనిమిది ప్రాణములా? లోతుగా చూచిన వారు చెప్పినది వేరు. చుండూరు దళితవాడలో పిల్లలు చదువుకొనిరి, కొందరు డిగ్రీలు దాటిరి, పలువురికి రైల్వేలో ఉద్యోగములు దొరికెను. ఇస్త్రీ బట్టలు వేసికొని, ఎవరికిని వంగకుండ, టిక్కెట్టు కొని పక్క కుర్చీలో కూర్చుండిరి. కాలు ఒక మిష మాత్రమే. తమ్ముడు లక్ష్యపెట్టబడెను. అన్న ముఖము చిన్నబుచ్చుకొనెను.

అంతకు ఆరేండ్ల ముందు, 1985 జూలై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగ సోదరులు హతులైరి. వారు త్రాగెడి చెరువు నీటిలో గేదెల కుడితి బక్కెట్టు కడుగవద్దన్న మాటయే అక్కడి నేరము. నీళ్లకు వచ్చి, కొట్టబోయిన వారికి ఎదురుగా బిందె ఎత్తిన స్త్రీ పేరు సువార్త. మిషనెరీలు మన వాడలకు ఇచ్చిన పేర్లు ఎక్కడెక్కడ పలుకవలసివచ్చినవో చూడుడి! ప్రాణములతో బయటపడినవారు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకొనిరి. ఆ కేసులో సాక్షిగా నున్న అలీసమ్మ మరుసటి సంవత్సరము చంపబడెను.

ఇక్కడ మన కోనసీమ బిడ్డను ఒకరిని తలచుకొనవలెను. కాట్రేనికోన దగ్గరి కందికుప్పలో 1939లో జన్మించిన బొజ్జా తారకంగారు అప్పటికి హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. కారంచేడు తరువాత ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షమున నిలిచిరి. చుండూరు కేసులోను అట్లే నిలిచిరి. ఆయన బోధకుడు కారు, అంబేద్కరు బాటలో నడచినవారు. 2016లో గతించిరి. హేబెలు రక్తము నేలలోనుండి మొరపెట్టుచున్నదని మనము ప్రసంగ పీఠము మీద చెప్పుదుము. ఆయన ఆ మొరను కాగితముల కట్టగా కట్టి కోర్టు మెట్లు ఎక్కించిరి. ఈ సంగతి తలచినప్పుడెల్ల మాకు కొంత సిగ్గు కలుగుచుండును.

న్యాయము దొరికెనా? కారంచేడు కేసులో క్రింది కోర్టు 1994లో శిక్షలు వేసెను, 1998లో హైకోర్టు వాటిని కొట్టివేసెను, 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవమును, 29 మందికి మూడేండ్లును విధించెను. ఇరువదిమూడు సంవత్సరములు! చుండూరులో ఊరి నడుమనే ప్రత్యేక కోర్టు పెట్టిరి. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవము, 35 మందికి ఒక్కొక్క ఏడు శిక్ష పడెను. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరిని విడిచిపెట్టెను. సాక్ష్యము చాలదనిరి. తరువాత అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లెను.

సాక్ష్యము కావలెనన్న మాటను మనము తేలికగా తీసివేయరాదు. ఒక్క సాక్షి మాట మీద మనిషికి మరణశిక్ష వేయరాదని మోషే ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. నాబోతు కథలో ఇద్దరు సాక్షులు ఉండిరి గాని ఇద్దరును అబద్ధికులే. ద్రాక్షతోటను కూరతోటగా చేసికొనవలెనని అహాబు రాజు మంచమెక్కి అన్నము మానెను. రాణి జాబులు వ్రాసి రాజముద్ర వేసెను, పెద్దలు ఉపవాసదినము చాటించిరి, అంతయు చట్టప్రకారమే నడిచినట్లు కనబడెను. ఏలీయా వచ్చి ఎదుట నిలిచినను తీర్పు వెంటనే పడలేదు. అహాబు గోనెపట్ట కట్టుకొనగా దేవుడు దానిని వాయిదా వేసెను. రెండవ రాజుల గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో, మరియొక రాజు కాలములో, ఆ పొలములోనే లెక్క తేలినది. దేవుని న్యాయము మన కోర్టులకంటె వేగమైనదని మేము బోధింపము. కాని ఆయన దగ్గర ఏ కేసును కొట్టివేయబడదు.

ద్వితీయోపదేశకాండము ఇరువదియొకటవ అధ్యాయమును మన సంఘములలో చదువువారు తక్కువ. పొలములో ఒక శవము కనబడి, చంపినవాడెవడో తెలియనిచో, పెద్దలు వచ్చి చుట్టుప్రక్కల ఊళ్లకు దూరము కొలువవలెను. దగ్గరి ఊరి పెద్దలు పెయ్యను తెచ్చి, దానిమీద చేతులు కడిగికొని, మేము చంపలేదు, మేము చూడలేదు అని దేవుని యెదుట పలుకవలెను. హంతకుడు దొరకలేదు గనుక ఫైలు మూసివేయుట అక్కడ లేదు. దగ్గరి ఊరు జవాబు చెప్పవలసినదే.

పగ తీర్చుకొనుట ఆ జవాబు కాదు. కారంచేడులో ముఖ్యునిగా పేరుపడిన పెద్దమనిషిని 1989లో నక్సలైట్లు చంపిరి. ఆనాడు మన వాడలలో కొందరు సంతోషించిరని విన్నాము, వారి కడుపుకోత ఎరిగి వారిని నిందింపము. అయినను దేవుడు కయీనును ఎవడును చంపకుండునట్లు అతనికి గురుతు వేసెను. ఆ గురుతును త్రోసివేసి డెబ్బదియేడంతల పగ అని గొప్పలు చెప్పుకొన్నవాడు లెమెకు. మనకు ఆ ఇంటిపేరు వద్దు.

ఇక మన ఊరు. 2022 మే 24న అమలాపురములో, జిల్లాకు అంబేద్కరు పేరు పెట్టుటపై పుట్టిన అల్లరిలో మంత్రిగారి ఇల్లు, శాసనసభ్యుని ఇల్లు కాలినవి. దేవుని కృపవలన ప్రాణము పోలేదు. ఆనాడు రోడ్డెక్కిన వారందరును అసూయతోనే వచ్చిరనుట న్యాయము కాదు, పాత పేరుపై ప్రేమతో వచ్చినవారును ఉందురు. కాని పాత పేరు ఎక్కడికిని పోలేదు. దాని ప్రక్కన మరియొక పేరు చేరినది, అంతే. ప్రక్కన చేరుటయే సహింపరానిదైనప్పుడు కయీను పొలము ఎంతో దూరములో లేదు.

ఇతరులను అనుట తేలిక. ఒకే ప్రభువు బల్లకు వచ్చు మాల సంఘమునకును మాదిగ సంఘమునకును వేర్వేరు గుడులు, వేర్వేరు సమాధుల దొడ్లు ఎన్ని ఊళ్లలో లేవు? ఒక వాడ పిల్లవానికి ఉద్యోగము వచ్చినదనగా రెండవ వాడలో ఎన్ని ముఖములు చిన్నబోవును? కౌన్సిలు ఎన్నికల కాలములో బోధకులమైన మేము ఒకరినొకరు చూచుకొను చూపును హేబెలు చూచినచో గుర్తుపట్టును. సహోదరుని ద్వేషించువాడు నరహంతకుడని యోహాను వ్రాసినది సంఘమునకే.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము తెనాలి వైపు ఒక పెండ్లికి వెళ్లి, తిరిగి వచ్చుచు చుండూరులో దిగితిమి. హతులను పాతిపెట్టిన స్థలము ఊరి నడుమనే ఉన్నది. దానిని రక్తక్షేత్రమందురు. యూదా తిరిగి ఇచ్చిన ముప్పది వెండి నాణెములతో కొన్న పొలమునకు యెరూషలేమువారు పెట్టిన పేరును రక్తపు పొలమే. మేము ప్రార్థన చేయవలెనని నిలువబడితిమి గాని ఏమి అడుగవలెనో తోచలేదు. అటుగా వచ్చిన ఒక ముసలితల్లి మమ్మును చూచి, ఏ ఊరు నాయనా అని అడిగెను. కోనసీమ అంటిమి. ఇంత దూరమా, ఇన్నాళ్లకా అని, దాహమునకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చెను.