పెంటదిబ్బ నుంచి కొండవీడు దాకా

చెత్తను మండించి కరెంటు తీయడం మన దేశానికి కొత్తేమీ కాదు. 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో డెన్మార్క్ పరిజ్ఞానంతో రోజుకు 300 టన్నులు కాల్చే కర్మాగారం కట్టారు. కొద్ది వారాలకే అది చల్లారిపోయింది. 2003లో షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్ల ప్లాంటు, విజయవాడలో 6 మెగావాట్లది వచ్చాయి. రెండోదానికి గుంటూరు చెత్త కూడా వెళ్లేది. అవీ ఎక్కువ కాలం నిలవలేదు. యంత్రాలు మనకు సరిపడలేదని అప్పట్లో సమాధానం చెప్పుకున్నారు. కానీ తప్పు లెక్కలో ఉంది. తిమార్‌పూర్ బాయిలర్‌కు కిలోకు 1,460 కిలోకేలరీల దాకా వేడినిచ్చే చెత్త కావాలి. వచ్చిన చెత్త ఇచ్చే వేడి అందులో సగమే. మండే కాగితం, అట్ట, ప్లాస్టిక్ ముందే ఏరుకునేవాళ్ల సంచుల్లోకి, పాత సామాన్ల కొట్లకు పోయేవి. కర్మాగారానికి మిగిలింది కూరగాయల తొక్కలు, అరటాకులు, మట్టి. విజయవాడలో ఊక వంటి పంట వ్యర్థాలూ కలిపి మండించారు. అలా వచ్చిన కరెంటులో చెత్త వాటా ఎంతన్నది న్యాయమైన ప్రశ్నే. చెత్త నిర్వహణపై అల్మిత్రా పటేల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2005లో ఇలాంటి ప్రాజెక్టులకు రాయితీలు ఆపింది. 2007లో ప్రయోగంగా ఐదింటికే అనుమతిచ్చింది.

బాపట్ల పక్కనున్న కర్లపాలెం వంటి డెల్టా ఊళ్లలో తొక్కలు, ఆకుల వంటి ఈ తడి సరుకుకు వేరే దారి ఉండేది. గొడ్లచావడి వెనక పెంటదిబ్బలో పేడ, బూడిద, చిమ్మిన కసువు, గొడ్లు తినగా మిగిలిన గడ్డి అన్నీ కలిసి మాగేవి. ఎండాకాలం బండ్లకెత్తి పొలానికి తోలేవారు. ఎడ్లు పోయి ట్రాక్టరు, దిబ్బ ఎరువు పోయి యూరియా బస్తా వచ్చాక అదే సరుకు చెత్తయింది. పంచాయతీలు కట్టిన ‘చెత్త నుంచి సంపద’ షెడ్లలో వర్మీకంపోస్టు తొట్లు చేసేది పాత దిబ్బ పనే. కాకపోతే ఇప్పుడు దానికి జీతాలు, బిల్లులు కావాలి.

గుంటూరు ప్రాంతంలో కొండవీడు దగ్గరి 15 మెగావాట్ల చెత్త కరెంటు ప్లాంటు నడుస్తోంది కదా అనవచ్చు. తెనాలి, పొన్నూరు చెత్త కూడా దానికే కేటాయించారు. కొలిమి మెరుగుపడిన మాట నిజమే. మన బుట్టల్లో ప్లాస్టిక్ పెరగడమూ దానికి కలిసొచ్చిందనుకుంటాను. అయినా రోజంతా పూర్తి సామర్థ్యంతో తిరిగితే వచ్చేది 3.6 లక్షల యూనిట్లు. 1,200 టన్నులు కాలిస్తే టన్నుకు 300. 2,500 మెగావాట్లు దాటిన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ముందు ఇది ఏపాటి? బొగ్గు కరెంటు కన్నా ఎక్కువ పెట్టి కొంటున్నామంటే ఆ అదనం ఊరు శుభ్రం చేసినందుకిచ్చే కూలి అనుకోవాలి. గుంటూరు వంటి నగరానికి ఆ కూలి గిట్టుబాటే, డంపింగ్ యార్డుకు చోటు లేదు గనక. కర్లపాలెం తడి చెత్తను యాభై కిలోమీటర్లకు పైగా లారీలో పంపితే మోసేది చాలావరకు నీళ్లే. గాజుపెంకులు, కవర్లు కలిసిన కంపోస్టు రైతు ముట్టడని మరో అభ్యంతరం. ముట్టడు, నిజమే. అయితే అది ఇంటి గుమ్మం దగ్గర వేరు చేయనందువల్ల వచ్చిన చిక్కు. కొలిమికీ అదే చిక్కు. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు ఇంధనంగా వాడమన్నది మళ్లీ వాడుకోవడానికి పనికిరాని, కిలోకు 1,500 కిలోకేలరీలకు తగ్గని వ్యర్థాన్నే. ఆ లెక్కన కర్లపాలెం నుంచి కొండవీడు బండి ఎక్కాల్సినవి చిప్స్ ప్యాకెట్లు, మాసిన కవర్లు, ఎవరూ కొనని చెప్పులు.