మెచ్చుకోలు వెనక సంవత్సరాలు

మా చెల్లెలి కూతురు వయొలా వాయిస్తుంది. చూడ్డానికి వయొలిన్‌లాగే ఉంటుంది గానీ కాస్త పెద్దది, గొంతు కొంచెం బొంగురు. అమెరికాలో చదువుకుని అక్కడే ఒక క్వార్టెట్‌లో, అంటే నలుగురు కలిసి వాయించే చిన్న బృందంలో చేరింది. ఫోన్ చేసినప్పుడల్లా “పెద్దమ్మా, ఇది విను” అని ఏదో ఒక కొత్త రికార్డింగ్ పంపుతుంది. దాంతోపాటు దానిమీద వచ్చిన సమీక్షలూ పంపుతుంది. నాకు పాశ్చాత్య సంగీతం అంతంతమాత్రమేననీ, సమీక్షలైతే వదలకుండా చదువుతాననీ దానికి తెలుసు. ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో సాహిత్య విమర్శ పాఠాలు చెప్పినదాన్ని మరి.

అది పంపేదంతా ‘సమకాలీన శాస్త్రీయ సంగీతం’. బీథోవెన్ల కాలం నాటిది కాదు, గత వందేళ్ళలో రాసింది. శాస్త్రీయం అంటేనే పాతది అనుకునే నాకు మొదట్లో ఆ మాటే నవ్వు తెప్పించింది. ఈ సంగీతంలో స్త్రీల రచనలమీద ఇప్పుడు ప్రశంసలు బాగానే కురుస్తున్నాయి. సంతోషమే. అయితే చదవగా చదవగా నాకో అలవాటయింది. ప్రశంస పక్కన రెండు సంవత్సరాలు రాసుకుంటాను. ఆ కృతి ఎప్పుడు రాశారు, ఎప్పుడు రికార్డు చేశారు. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీ గురించి సమీక్షకులు సాధారణంగా మాట్లాడరు.

పీట్ సీగర్ పేరు మనలో చాలామందికి తెలుసు. ఉద్యమాల్లో ఆయన పాటలు పాడుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆయన సవతితల్లి రూత్ క్రాఫర్డ్ మాత్రం నాకు అరవయ్యేళ్ళు దాటేదాకా తెలియదు. 1901లో పుట్టిన ఈమె, 1930లో స్వరరచనకి గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ పొందిన మొదటి స్త్రీ. అదే ఏడు న్యూయార్క్‌లో సంగీతశాస్త్ర పరిశోధకుల సంఘం ఒకటి మొదలైంది. ఆడవాళ్ళు చేరితే ఈ విద్యని ఆడవాళ్ళ పని అనుకుంటారని వాళ్ళని రానివ్వలేదు. ఆ సమావేశం జరుగుతున్నది ఒక స్త్రీ ఇంట్లోనే. రూత్ తలుపు ఇవతల కూర్చుని విన్నది. తలుపు అవతల ఉన్న చార్లెస్ సీగర్ ఆమె గురువు, తర్వాత భర్త. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మన సాహిత్య సభల్లో మొదటి వరసకీ వంటింటి గుమ్మానికీ మధ్య ఉన్న దూరం నాకు బాగా తెలుసు.

1931లో ఆమె ఒక స్ట్రింగ్ క్వార్టెట్ రాసింది. అందులో మూడో భాగం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నాలుగు వాద్యాలూ సన్నగా ఒకే శ్రుతి లాగుతున్నట్టుంటాయి. కానీ ఒకటి ఉబ్బుతుంటే ఇంకొకటి తగ్గుతుంది. రాగం ఎవరి చేతిలోనూ ఉండదు, నలుగురి మధ్యా నడిచిపోతుంది. ఆమె సంగీతం విన్న ఒక సమీక్షకుడు, పొసగని స్వరాల్ని మగవాడిలా విసరగలదని మెచ్చుకున్నాడు. అది మెచ్చుకోలే, సందేహం లేదు.

ఆ క్వార్టెట్‌ని 1933లో మొదటిసారి వాయించారు. 1934లో హెన్రీ కవెల్ నడిపే న్యూ మ్యూజిక్ రికార్డింగ్స్ మూడో భాగాన్ని మాత్రం గ్రామఫోన్ రికార్డుగా తెచ్చింది. మొత్తం నాలుగు భాగాలూ రికార్డయ్యేసరికి ఆమె లేదు, 1953లో క్యాన్సర్‌తో పోయింది. 1973లో కంపోజర్స్ క్వార్టెట్ చేసిన రికార్డు వచ్చాకే చాలామంది విమర్శకులు ఇది ఇరవయ్యో శతాబ్దపు గొప్ప క్వార్టెట్లలో ఒకటన్నారు. మధ్యలో ఆమె ఏం చేసింది? నలుగురు పిల్లల్ని కన్నది. డబ్బు అవసరంకొద్దీ పియానో పాఠాలు చెప్పింది. జానపదుల పాటల రికార్డులు పదే పదే వింటూ, ప్రతి విరుపునీ స్వరలిపిలోకి ఎక్కించింది. ఆ పని ఆమె ఇష్టంతోనే చేసింది, దాన్ని త్యాగంగా చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఇతరుల పాటల్ని అన్నిసార్లు విన్న మనిషికి తన క్వార్టెట్ వినాలంటే ఇంట్లో ఉన్నది రికార్డు మీద కొద్ది నిమిషాలే.

ఇక్కడ సంగీతానికీ మన సాహిత్యానికీ ఒక తేడా ఉంది. భండారు అచ్చమాంబ 1902లో రాసిన కథ పాత ‘హిందూ సుందరి’లో ఎన్నేళ్ళు పడి ఉన్నా, తెరిచి చదివితే చాలు, కథ కథగానే ఉంది. స్వరలిపి అలా కాదు. నలుగురు కావాలి, వాళ్ళు వారాలు సాధన చెయ్యాలి, హాలు కావాలి, డబ్బు కావాలి. కొత్త సంగీతానికి మొదటి ప్రదర్శన ఎలాగో దొరుకుతుంది, రెండోది దొరకడమే కష్టమట. ఒక్కసారి విని అర్థం కాలేదన్న విమర్శకుడు మళ్ళీ వినాలంటే రికార్డు ఉండాలి. అందుకని రికార్డింగ్ ఎవరికి దక్కిందన్నది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

రష్యాలో గలీనా ఉస్త్‌వోల్‌స్కయా. 1919లో పుట్టి 2006లో చనిపోయింది. షొస్తకోవిచ్ శిష్యురాలు. 1949లో ఆమె రాసిన ట్రియోలోని ఒక స్వరమాలని ఆ గురువే తన ఐదో క్వార్టెట్‌లో వాడుకున్నాడు, 1952లో. అసలు ట్రియోని సభలో వాయించింది 1968లో. అంటే గురువుగారి సంగీతంలో ఆమె స్వరం ముందు వినిపించింది! 1990లలో డచ్చి వాద్యకారుల రికార్డులు రావడంతో పశ్చిమానికి ఆమె తెలిసింది. వాటితో బాటే ‘సుత్తి పట్టిన స్త్రీ’ అనే బిరుదూ స్థిరపడింది. ఒక డచ్చి విమర్శకుడు మెచ్చుకుంటూనే ఇచ్చాడు. (తెలుగులో సుత్తికి ఇంకో అర్థం ఉంది, ఆ సంగతి వదిలేద్దాం.)

సుత్తి నిజంగానే ఉంది. 1973లో పూర్తిచేసిన రెండో ‘కంపొజిషన్’లో ఎనిమిది డబుల్ బేస్‌లు, ఒక పియానో, సుత్తులతో కొట్టే ఒక చెక్కపెట్టె ఉంటాయి. వింటుంటే ఎవరో మూసిన తలుపుని కొడుతున్నట్టుంటుంది. అయితే గుస్తావ్ మాలర్ ఆరో సింఫనీలో కూడా సుత్తిదెబ్బలున్నాయి. పియెర్ బులేజ్ కృతి ఒకదాని పేరులోనే సుత్తి ఉంది. వాళ్ళిద్దరినీ సుత్తి పట్టిన పురుషులని ఎవరూ అన్నట్టు నేను చదవలేదు. మగవాడి విషయంలో సుత్తి ఒక వాద్యం, ఆమె విషయంలో స్వభావం అయిపోయింది. తన సంగీతాన్ని ప్రేమించేవాళ్ళు దాన్ని విశ్లేషించకుండా ఉంటే మంచిదని ఆమె కోరింది. విమర్శకురాలిగా నాకది నచ్చని మాటే. ఈ బిరుదు చూశాక అంతగా కోపం రాలేదు.

సోఫియా గుబైదూలినా కొంత అదృష్టవంతురాలు. 1979లో సోవియట్ స్వరకర్తల సంఘం మహాసభలో పేరుపెట్టి తిట్టిన ఏడుగురిలో ఆమె ఒకరు, యెలేనా ఫిర్సోవా ఇంకొకరు. అయినా 1981లో గిడాన్ క్రేమర్ ఆమె ‘ఆఫర్టోరియమ్’ని వియన్నాలో వాయించి, తర్వాత రికార్డు చేసి ఊరూరా తిప్పాడు. 2025లో తొంభై మూడేళ్ళకి కన్నుమూసేలోపు తన ప్రశంసలు తనే చదువుకోగలిగింది.

ఇదంతా సంగీత విమర్శకుల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. పాతికేళ్ళ కిందట నేనొక పెద్దావిడ కథల సంపుటికి ముందుమాట రాశాను. ఆమె ఆ కథలు పెళ్ళికి ముందు రాసి, ట్రంకుపెట్టెలో పెట్టి, మనవలు పెద్దయ్యాక బయటికి తీసింది. ‘ఇవి ఒక స్త్రీ రాసిందంటే నమ్మలేనంత పదునుగా ఉన్నాయి’ అని రాశాను. స్త్రీవాద విమర్శ మీద సెమినార్లలో పత్రాలు చదువుతున్న రోజులవి! పుస్తకం అచ్చయ్యాక ఆవిడ ఫోన్ చేసి, చాలా బాగా రాశావమ్మా అని, కొంచెం ఆగి, “మరి ఎవరు రాశారనుకున్నావు?” అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నేనేదో నసిగాను. ఆ కథలు నలభయ్యేళ్ళు పెట్టెలో ఎందుకున్నాయో ఆ ముందుమాటలో ఒక్క వాక్యం లేదు.

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ బృందం క్రాఫర్డ్ క్వార్టెట్ వాయిస్తోందట, శ్రోతలకిచ్చే కాగితంలో వెయ్యడానికి నన్ను నాలుగు మాటలు రాయమంది. నేను పొగడలేదు. 1931లో రాసింది, 1933లో వాయించారు, 1934లో మూడో భాగం రికార్డు చేశారు అని రాసి, కింద కొంత జాగా వదిలి, 1973 అని రాసి పంపాను. మరీ పొడిగా ఉందని నిర్వాహకులు అన్నారట. సెల్లో వాయించే అబ్బాయి మాత్రం ఆ కాగితం చూసి, “మధ్యలో ఏమైంది?” అని అడిగాడట.